మూన

కిటికీకి దోమతెర. దాని అవతల ఆషాఢం.
కాలవ కింద మా మడిచెక్కలో ఉభాలు మొదలెట్టారు.
బురద ముట్టుకోవద్దన్నారు నన్ను, వంద రోజులు.
ఇవాళ డెబ్బై రెండు.

ఆడమనుషులు వంగి వెనక్కి వెనక్కి నడుస్తున్నారు.
కాచి చల్లార్చిన నీళ్లు తాగుతూ
వాళ్ల వీపులు లెక్కపెడుతున్నాను.
లెక్క నా ఉద్యోగం. శ్రీకాకుళం డిపోలో పద్దెనిమిదేళ్లు
కదిలే బస్సు నడవలో నిల్చుని తలలు లెక్కపెట్టాను.
విశాఖ ఆస్పత్రిలో నా తెల్లకణాలు సున్నాకి దిగిన పొద్దు
నర్సుని అడిగాను:
"ఖాళీ బండిలోనైనా నేనూ డ్రైవరూ ఉంటాం కదమ్మా,
సున్నా ఎలాగవుద్ది?"

దానికి ముందు ఆరు రోజులు మందెక్కించి
ఎముకల్లో ఉన్నదంతా చంపేశారు.
దమ్ము పట్టడం నాకు తెలీనిది కాదు.
పాత దుబ్బు, గడ్డీ గాదం తొక్కి కుళ్లబెడితే గానీ
కొత్త ఆకు నిలవదు.
కానీ మడికి నోరుండదు.
నోరంతా పుండై, ఉమ్ము మింగడానికి
మంచం పట్టీ పట్టుకోవాల్సిన గతి
మడికి రాదు.

నా ముందు అమ్మకి ఇద్దరు పోయారు.
నేను పుట్టగానే చేటలో పెట్టి పొరుగామెకిచ్చేసి
కుంచెడు తవుటికి తిరిగి కొనుక్కుంది.
అందుకే తవిటమ్మని. యూనిఫారం మీద పేరూ అదే.
నా తరవాత ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లి.
చెల్లిని పదకొండో నెలలో
చీపురుపల్లి పిన్నికి పెంపకానికిచ్చారు.
దాన్ని ఏ తవుటికీ
తిరిగి తెచ్చుకోలేదు.

ఒకే కుండలో కూడు తిన్న తమ్ముళ్లది కలవలేదు.
ఇంటిపేరు మారిపోయిన దమయంతిది
పదికి పది కలిసింది.
ఎలా అడగాలో తెలీక ఫోన్లో తడుముకుంటుంటే
"ఎప్పుడు రమ్మంటావప్పా" అంది.
చాలాసేపటికి మళ్లీ:
"ఆకు పీకి ఇంకో మడిలో ఊడిస్తే ఎలాగుంటాదో
నాకు తెల్దేటి."

ఐదు గంటలు యంత్రం పక్కన చేతులు కదపకుండా పడుకుందట.
నాకొచ్చింది చిన్న సంచి, మామిడి చిగురు రంగు.
అరగంటలో అయిపోయింది.
"ఇంతేనా?" అన్నాడు మా ఆయన
గోడగడియారం వైపు చూసి.

పదిహేడో రోజు డాక్టరమ్మ ఏదో ఇంగ్లీషు మాట చెప్పి నవ్వింది.
కాగితం మీద అంకె చూశాను. ఆరువందలు.
"మూన తిరిగిందన్నమాట."
ఆవిడకి తెలీలేదు. హైదరాబాదు మనిషి.
ఊడ్చిన ఆకు పసుపెక్కి నీళ్ల మీద వాలిపోతుందమ్మా,
పోయిందనే అనుకుంటాం.
ఓ తెల్లారి చూస్తే నిల్చునుంటాది.
ఆ పూట రైతు గట్టు మీద కూకుని
తీరిగ్గా చుట్ట కాలుస్తాడు.
నా కేసు కాగితం వెనక రాసుకుంది ఆ మాట.

ఇంటికొచ్చాక అరిచేతుల్లో దద్దుర్లు.
కొత్త రక్తం పాత ఒంటిని పరాయిదనుకుంటుందట.
కొంచెం కోపం మంచిదేనంది డాక్టరమ్మ,
కొంచెమే అయితే.
రాత్రి దురదకి నిద్రపట్టక
చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.
పడనీ. దాని కోపం దానికుండదా?
నలభై ఏళ్లకి వచ్చింది ఈ ఇంటికి.

నా రక్తం గ్రూపు కూడా మారిపోతోంది.
ఇన్నాళ్లూ బీ. ఇక దానిదే, ఓ.
అమ్మ ఉంటే అడిగేదాన్ని,
దీనికి ఎన్ని కుంచాలు కొలుస్తావని.

ఎనిమిదైంది. ఫోన్ మోగుతోంది.
"మాత్రేసుకున్నావా? ఉభాలయిపోయాయా?"
"రెండు కట్టలు మిగిలాయే, గట్టు మీద పడేశారు."
"పడేత్తారేటి! చచ్చిన చోట నాటమను."
వాన అందుకుంది. కిటికీ వెయ్యమని లోపల్నించి కేక.
వేస్తాను.
ఆ మూల చెక్కొకటి ఇంకా లెక్కపెట్టలేదు.