ఛత్తాబజార్‌లో ఒక క్రియాపదం

మొహియుద్దీన్ భాయ్ ప్రెస్సులో
తెలుగు ప్రూఫులు దిద్దేది నేనే.
ముప్పై ఏళ్లుగా ఊరివాళ్ల పెళ్లిళ్లకి
ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసి పంపిస్తున్నాను.
ఆ తరవాతి తప్పులకు నా పూచీ లేదు.

బుధవారం మధ్యాహ్నం ఒక అమ్మాయి
హెల్మెట్ చేతిలో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.
"హిమజ, శశికిరణ్. ఆరువందల కార్డులు. క్యాన్సిల్."
"అయ్యో, పెళ్లి క్యాన్సిల్ అయిందామ్మా?"
"అవలేదండీ. చేశాను."

అప్పుడు తట్టింది నాకు,
ఈ ఇంగ్లీషు మాటకి మన వాక్యంలో ఒంటరిగా నిలబడటం రాదని.
పక్కన 'అయింది' ఉండాలి, లేకపోతే 'చేశాను' ఉండాలి.
అయింది అంటే వాన పడ్డట్టు, కరెంటు పోయినట్టు,
ఎవరినీ అడగడానికి లేదు.
రైలు క్యాన్సిలవుతుంది, మీటింగు క్యాన్సిలవుతుంది.
క్యాబతను గల్లీ మొదట్లోంచే ఫోన్ చేసి
"మీరే కొట్టుండ్రి సార్ క్యాన్సిల్,
నేను కొడితే నాకు ఫైన్ పడ్తది" అంటాడు.
చేశాను అనడానికి ఎంత పడుతుందో
ఆ పిల్ల ముఖంలో లెక్క కనిపించలేదు.

భాయ్ కళ్లజోడు పైకి నెట్టి
"రద్దు అయితే మాల్ మొత్తం రద్దీలోకే" అన్నాడు.
ఆయన రద్దీ చిత్తుకాగితం.
నా రద్దీ కిందనున్న బజారు జనం.
ఒక కొమ్ము పోయి గుడిదీర్ఘం వస్తే
ఆగిపోయిన పెళ్లి ఇన్ని దారులు పడుతుంది.

ఆమె డబ్బు లెక్కపెడుతుంటే
అట్ట ఊడిన నిఘంటువు తీశాను, చేతులకి ఏదో పని కావాలిగా.
టీ మరక కింద దొరికింది.
లాటిన్‌లో దాని పుట్టిల్లు అల్లిక కిటికీ.
వెనకటి రాయసగాళ్లు తోలుకాగితం మీద తప్పుని
గోకి తీసే ఓపిక లేనప్పుడు
అటో గీత ఇటో గీత లాగేవారట.
గీతలన్నీ కలిసి కిటికీ అయ్యాయి,
కిటికీ క్రియ అయింది.
(కోర్టులో ఆ కటకటాల దగ్గర నిలబడ్డ బంట్రోతే
పెరిగి పెరిగి ఛాన్సలరయ్యాడట. అది వేరే ముచ్చట.)

తలెత్తితే ఎదురింటి మేడమీద
పురానీ హవేలీ కాలంనాటి చెక్క జాలీ.
గల్లీలోంచి చూస్తే చీకటి.
లోపలున్నవాళ్లకి మాత్రం
బండి మీది జామకాయల మీద చల్లిన ఉప్పు కూడా కనిపిస్తుంది.
జాలీలో దీర్ఘం తీసేస్తే జాలి.
నా ముఖంలో అదే పడినట్టుంది,
"అలా చూడకండి" అంది.

కట్టలోంచి ఒక్క కార్డు లాగి
తనే రెండు గీతలు గీసింది, మూల నుంచి మూలకి,
బ్యాంకు చెక్కు మీద గీసినట్టు.
పేర్లు చెరగలేదు.
గీతల వెనక కూర్చుని ఇద్దరూ
చక్కగా, అక్షరదోషం లేకుండా, కనిపిస్తున్నారు.
దాన్ని బ్యాగులో పెట్టుకుంది.

ఆబిడ్స్ పోస్టాఫీసులో మా మేనమామ
తపాలా బిళ్లల మీద నల్లముద్ర కొట్టేవాడు.
దాన్నీ క్యాన్సిల్ చెయ్యడమే అనేవారు.
ఆ దెబ్బ పడితే తప్ప
ఉత్తరం ఊరు దాటేది కాదు.

మిగతా కట్టలు కటింగ్ మిషను కింద పెట్టాడు ఇబ్బు.
వెనకవైపు తెల్లగానే ఉంది, చిట్టీలకి పనికొస్తుంది.

రసీదు రాయాల్సింది నేనే.
అలవాటుగా రాశాను:
'ఆర్డరు రద్దు చేయబడినది.'
ఆమె చదివింది. నా ఎర్రపెన్ను అడిగింది.
'బడినది' మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి.
పైన, చిన్న అక్షరాల్లో, 'చేశాను'.

ముప్పై ఏళ్లలో నా ప్రూఫు
ఇంకొకరు దిద్దడం అదే మొదలు.