ఏడుంబావు బండి

ముందు అంచు చూడమ్మా జసింతా,
బొమ్మ తరవాత చూద్దువు గాని.
ఫిల్మును కిటికీకి అడ్డంగా పట్టుకో.
బొమ్మకి బయట, కంపెనీ పేరుండే సన్నటి పట్టీ
తేటగా ఉందా?
ఉంటే వెలుతురు లెన్సుకీ ఫిల్ముకీ మధ్య ఎక్కడో దూరింది.
పట్టీ కూడా మాడిపోయుంటే
వెనక తలుపు, లేదంటే అంకెలు చూసే ఎర్ర కిటికీ,
లేదంటే నువ్వు.

నవ్వకు. ఒకప్పుడు ఆ 'నువ్వు'ని నేనే.

ఈ గుణుపురంలోనే, టేసను వీధిలో
దాలినాయుడి స్టూడియోలో ట్రేలు కడిగే కుర్రాణ్ణి.
ముహూర్తాల నెలలో వారానికి నాలుగు రోల్సు.
ఒడియా వాళ్ల శంఖం, మన వాళ్ల సన్నాయి,
ఫిల్ముకి రెండూ వినబడవు.
రోలుకి పన్నెండు బొమ్మలు.
ఆఖరి రోలులో పన్నెండోది అప్పగింతలు.

ఆ అప్పగింతల మీదే పడేది పొగ.
ప్రతిసారీ కాదు. అదే చిక్కు.
నెగెటివ్‌లో మసి, కాగితం మీద మంచు.
పెళ్లికూతురి మొహం ఉండాల్సిన చోట
పాలు ఒలికినట్టు.
"ఏటిరా ఇది, ఏటి సేసినావురా" అని
నా చెంప మీద ఒకటి.

బెల్లోసు విప్పి చీకట్లో లోపల టార్చి పెట్టాం.
ఒక్క చుక్క కూడా మెరవలేదు.
తలుపు గాడిలో కుళ్లిన నురుగు గీకి
వాళ్లావిడ రవిక వెల్వెట్టు కత్తిరించి అతికించాం.
ఎర్ర కిటికీకి నల్ల టేపు.
ఫిల్ము వేడెక్కిందేమోనని
వేసవంతా మట్టికుండ పక్కన పెట్టాం.
బరంపురం షాపువాణ్ణి తిట్టాం,
వంశధార నీటిని కూడా అనుమానించాం.
బెహరా గారి అమ్మాయి పెళ్లికి
ఆయన డబ్బులు పుచ్చుకోలేదు.
ఆ రాత్రి భోజనమూ చెయ్యలేదు.

ఫిల్ము కడగడమంటే అప్పట్లో ట్యాంకు కాదు, ట్రే.
గుడ్డి చీకట్లో రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని
ఈ చెయ్యి లేస్తే ఆ చెయ్యి దిగేలా,
పిల్లని ఊపినట్టు, మందులో ఆడించాలి.
నాయుడు ఆఖరి కొసని ఎడంచేత్తో పట్టేవాడు, అలవాటు.
ఎడమవైపు గోడ. గోడ అవతల టేసను.

నేరో గేజి పట్టాలు పీకేసిన ఏడు
పొగ ఆగిపోయింది.
ఏ మరమ్మతూ చెయ్యలేదు. దానంతటదే.
ఇద్దరం సంతోషించి ఊరుకున్నాం.

రెండేళ్ల తరవాత సున్నాలకని
పాత కరెంటు తీగ లాగితే
గోడలో అది దూరొచ్చిన బెజ్జం, కందిగింజంత.
నాయుడు కన్ను ఆనించి చాలాసేపు చూశాడు.
నేనూ చూశాను:
ఒట్టి కంకర, ఎండలో ఒక మేక.

ఏడుంబావుకి నౌపడా నుంచి చిన్న బండి
మలుపు తిరిగేటప్పుడు దాని దీపం
ఒక్క రెప్పపాటు ఈ గోడని తుడిచి పోయేదన్న మాట.
ఆ రెప్పపాటులో ఎడంచెయ్యి పైన ఉంటే
పోయినట్టే అప్పగింతలు.
బండి ఆలస్యమైన రోజున బొమ్మ బతికేది.

ఆయన ఏమీ అనలేదు.
కిందికెళ్లి టీ తెచ్చాడు.
నా గ్లాసులో తనే పోశాడు,
మీగడతో సహా.

సరే, నీ పెట్టె సంగతి.
పట్టీ తేటగానే ఉంది,
మచ్చ అన్ని బొమ్మల్లోనూ కుడిమూలనే ఉంది.
బెల్లోసే. మూడో మడత మూల అరిగింది.
నల్ల రంగులో జిగురు కలిపి పల్చగా రెండు పూతలు వేస్తాను,
మందంగా పూస్తే మడత పడదు, పెట్టె మూసుకోదు.
శనివారం రా. నూటయాభై.

అన్నట్టు, ఫిల్ము ఎక్కడ కడుగుతావు?
హాస్టల్లోనా?
ఆ గది ఏ పక్కకి?