కంది గింజంత తూము

టాడ్‌మోర్డెన్ దాటి కొండ మీదికి ఎక్కే మలుపులో
ముసురు పట్టిన పావుగంటకి
బండి సగమైపోతుంది.

ఆగిపోదు. అదే తంటా.
ఆగితే ఆగిందని ఒప్పుకోవచ్చు.
అరవై మైళ్ళ నుంచి ముప్ఫైకి దిగి
జవాబు సగమే తెలిసిన పిల్లాడిలా
నసుగుతూ, నీళ్ళు నములుతూ పోతుంది.
ఆ మాటని ఇంత అక్షరాలా చేసి చూపించినవాళ్ళు
నాకు మరొకరు తెలీదు.
వెనక లారీవాడు లైట్లు కొడతాడు.
రాతిగోడ పక్కన గొర్రెలు తలెత్తి చూస్తాయి.

మాది కదిరి వైపు.
మబ్బు కమ్మితే జనం బయటికొచ్చి
నిలబడి చూసే చోటు.
వానని తిట్టడానికి నాకు నోరు తిరగదు.
కాబట్టి కార్బురేటర్ని తిట్టాను.
ఎయిర్ ఫిల్టర్ మార్చాను. ట్యాంకు ఒంపి
అడుగున తుప్పు వెతికాను. కొత్త బ్యాటరీ.
హ్యాలిఫాక్స్‌లో షాపువాడికి రెండుసార్లు అప్పజెప్పాను,
రెండుసార్లూ ఎండ కాసింది.
డాక్టరు గుమ్మం ఎక్కగానే మాయమయ్యే పంటినొప్పిలా
వాడి చేతికింద బుద్ధిగా నడిచింది.
ఏమీ లేదన్నాడు. ఏమీ లేనిదానికి బిల్లు ఇచ్చాడు.

గ్లెనిస్‌ది మా వరసలో చివరి ఇల్లు.
బస్ డిపోలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు పనిచేసి
ఎడమ చెవిని అక్కడే వదిలేసి వచ్చింది.
నన్నేమీ అడగలేదు. స్టార్ట్ చెయ్యమని
హోస్ పైపు లాక్కొచ్చి
కొత్తిమీర మడికి పట్టినంత నెమ్మదిగా
నీళ్ళు పట్టింది.
సీటు కింద. ఏం లేదు.
ట్యాంకు అంచుల్లో. ఏం లేదు.
ముందు చక్రం వెనక, సరిగ్గా ఇంజను ముఖం మీద,
ఒక నిమిషం, ఇంకో అర నిమిషం,
ఫట్.
తర్వాత ఆ కుంటి నడక.
ఇన్ని నెలలకి నా జబ్బు
నా వాకిట్లో, పగటి వెలుతుర్లో!
ఏదైనా చెడిపోతే ఇంత సంతోషపడటం
అదే మొదటిసారి.

ఇప్పుడు గొట్టాల మీద చిలకరించు, అంది.
వెనక సిలిండరు గొట్టం చుయ్‌మంది,
దోసె పెనం మీద తడి చెయ్యి విదిలించినట్టు.
ముందుది ఊరుకుంది.
భయపడుతూ వేలు పెట్టాను. గోరువెచ్చన.
రెండు పొయ్యిల ఇంట్లో
ఒకదాని మీదే వంట అవుతోందన్నమాట.

ముందు ప్లగ్గు టోపీ లాగమంది. లాగాను.
కింద గుంటలో టీ చెంచాడు నీళ్ళు,
తేనీరు రంగు,
అందులో ఒక ఈగ, ప్రశాంతంగా.

నీళ్ళు పోయే దారి వాళ్ళు పెట్టే ఉంచారు.
సిలిండరు పక్కన కంది గింజంత తూము.
ఇరవయ్యేళ్ళ బురద అందులో సిమెంటయింది.
గ్లెనిస్ పాత బ్రేకు తీగలోంచి ఒక పోగు పీకి ఇచ్చింది.
గుచ్చాను. వంగింది. తిప్పి గుచ్చాను. మళ్ళీ వంగింది.
మోకాళ్ళ కింద రాళ్ళు గుచ్చుకున్నాయి.
అప్పుడు ఒక నల్లటి చుక్క,
వెనకే సన్నటి ధార.
ఈగ మాత్రం రాలేదు, గుడ్డతో తీశాను.
రబ్బరు టోపీ తుడిచి, లోపల గ్రీజు రాసి
బిడ్డకి బొట్టు పెట్టినంత చూసుకుని మూసింది.

అంతేనా, అన్నాను,
నూట ఎనభై పౌండ్లు పోసిన గొంతుతో.
కుడి చెవి నా వైపు తిప్పి
మళ్ళీ చెప్పమంది.
మళ్ళీ చెప్పాలనిపించలేదు.

గురువారం రాత్రి డ్యూటీకి పోతుంటే జడివాన.
అదే మలుపు. చెవులతో, మోకాళ్ళతో,
వెన్నుపూస చివరి ఎముకతో వింటున్నాను.
అరవై. ఎక్కుడు. అరవయ్యే.
ఎక్కడా నసగదేం, అని
కొంచెం అనుమానం కూడా.

పైకి వచ్చాక గోడ పక్క నిలిపి
ఇంజను ఆపకుండా
వానలో ఊరికే నిలబడ్డాను, మావాళ్ళలాగ.
గ్లవ్ తీసి తూము కింద వేలు పట్టాను.
చుక్క.
ఆగి, ఇంకో చుక్క.
గొర్రె ఒకటి నా వంకే చూస్తోంది.
దానికి చెప్పాను: పోతోంది, చూడు.