పట్టపగటి దీపం

తౌనో నవ్వేవాడు.
"సూర్యుడికి దివిటీ పట్టే కొలువా నీది, హిల్కా?"
పాల ట్యాంకర్ ముందు దీపాల మీది ఉప్పుమంచు
చేతితొడుగుతో తుడుస్తూ
నేనేం మాట్లాడేదాన్ని కాదు.

అతని ముసలి కారు బూడిద రంగు.
మీట నొక్కితేగాని దీపాలు వెలగవు.
నొక్కడు.
బల్బు అరిగిపోతుందట, బ్యాటరీ తాగేస్తుందట.
పోలీసులు రెండుసార్లు చెప్పి చూశారు.
"కళ్ళున్నవాడికి ఎలాగూ కనపడతాను,
గుడ్డివాడికి అద్దమెందుకు?"

మార్చి నెల. కూసమో దారి.
మా సూర్యుడు నడినెత్తికెక్కడు,
చెవి పక్కనే వేలాడుతూ వస్తాడు.
తడిసిన రోడ్డు చేప పొలుసులా మెరుస్తోంది,
దాని మీద పైన్ చెట్ల నీడలు
అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి.
ముందు దుంగల లారీ.
దాటేద్దామని సగం పక్కకొచ్చాను.
ఎదురుగా ఏమీ లేదు.

ఆ ఏమీ లేనిది
హారన్ కొట్టింది.

బ్రేకు మీద నిలబడ్డాను.
వెనక ట్యాంకులో పాలన్నీ
ఒక్కసారిగా లేచి
నా వీపుని ముందుకు తోశాయి.

గుంటలో, మంచులో మూతి పెట్టుకుని
బూడిద రంగు కారు.
టోపీ సర్దుకుంటూ దిగాడు తౌనో.
తిడతాడనుకున్నాను.
"కనపళ్ళేదా నేను?"
బడిలో పేరు పిలవని పిల్లాడిలా అడిగాడు.

లేదు తౌనో.
నిన్ను చూస్తూనే ఉన్నాను,
నువ్వు కనపళ్ళేదు.

ఇప్పుడు మైలు దూరం నుంచే
గుడ్డు సొనల్లా రెండు దీపాలు,
నా కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి.
అయినా పెట్రోలు బంకులో కాఫీ ముందు
అతని వాదన ఆగిందా?
"అందరం వెలిగించుకుంటాం సరే,
రెయిన్‌డీర్ ఏం వెలిగించుకుంటుంది?
సైకిలు మీద వెళ్ళే వెన్లా?
వెలుగులకే అలవాటు పడ్డ కన్ను
వెలగనిదాన్ని దాటేయదూ?"

నా దగ్గర జవాబు లేదు.
కాఫీ చల్లారింది.
ఆ రోజు నుంచి
దీపానికీ దీపానికీ మధ్య ఖాళీని కూడా
వేలితో తడిమినట్టు చూస్తున్నాను.

వెన్లా నల్లకోటు అంచున
మొన్నెప్పుడో ఒక మెరుపుబిళ్ళ కనిపించింది.
ఎవరిచ్చారంటే, "టోపీ తాత."

నిన్న సాయంత్రం ఫోను:
"హిల్కా, ఆర్పడం మర్చిపోయాను.
చెప్పానా, బ్యాటరీ తాగేస్తుందని!"
ఎంత సంతోషమో ఆ గొంతులో.
తీగలు పట్టుకుని బయల్దేరాను.