పలక నేల

ఒంగోలు పెయింటు షాపులో
కార్డు నిండా నూట ఎనభై రంగులు,
వాసనకే కళ్ళు మండాయి.

గోడలకు సున్నం చాలన్నాను.
కొత్తపట్నం ఆల్చిప్పలు కాల్చిన సున్నం,
కరక్కాయ నీళ్ళు, గుప్పెడు బెల్లం.
"పూతా, పాయసమా మేడమ్?" మేస్త్రీ నవ్వాడు.

నేలకు మార్కాపురం పలకరాయి.
పాలిష్ వద్దు, అవిసె నూనె ఒక్క చెయ్యి.
రాయి దించిన కాలేషా
గుమ్మంలో కూలబడి దగ్గాడు, చాలాసేపు.
"మంచి రాయమ్మా, ఇంట్లో విషం ఉండదు.
దుమ్మంతా గనిలోనే మేం తాగేశాం."

చెంబు నీళ్ళిచ్చాను. ఇంకేమివ్వాలో తెలియలేదు.

గృహప్రవేశం కాకముందే మా పిల్ల
హాలంతా బలపంతో అఆలు రాసింది,
తడిగుడ్డతో తుడిచింది.

వంటింటి మూల ఒక పలక మీద
తెల్లగా ఉలి గీత.
అది మాత్రం
ఎంత తుడిచినా పోలేదు.