ముంజెల దగ్గర ఆగినవాడు

మంగళ, గురు, శనివారాలు
కేజీహెచ్‌లో నాలుగు గంటలు
నా నెత్తురు నన్ను విడిచి వెళ్ళి
కడుక్కుని తిరిగొస్తుంది.
కుట్టుమిషను తొక్కి తొక్కి అరిగిన కాళ్ళు
దుప్పటి కింద
పని దొరకని కూలీల్లా పడుంటాయి.

పక్కది ఆరో నంబరు మంచం.
బొడ్డేటి కామునాయుడు, పోర్టులో కలాసీగా చేసి దిగిపోయినవాడు.
సూది గుచ్చగానే మొదలెడతాడు:
"సూరాడ ఎల్లాజీ అని ఒకడుండీవోడర్రా, జాలారిపేటలో..."

ఆ ఎల్లాజీ కాళ్ళ గురించి
పాత మనుషులు ఎవర్నడిగినా ఒక్కో లెక్క.
తెల్లారకుండా కావిడి భుజానేసుకుని
చేపల మీద ఐసు కరిగేలోగా
రైలుని అందుకునేవాడని.
కాదు, రైలే అతన్ని అందుకునేదని.

కామునాయుడి లెక్క వేరు.
"అబద్దాలొద్దు. ఆడికీ ఆయాసం వొచ్చీది.
డొక్కలో పోటొస్తే సముద్రాన్ని తిట్టీవోడు.
బూట్లిస్తే మెళ్ళో ఏసుకుని పరిగెట్టాడు.
అయ్యి నానిచ్చినవే. నా పెళ్ళి బూట్లు."

భీమిలి పందెం. రోడ్డు లేని రోజులు, అంతా ఇసకే.
అరగంటకో ఊరు.
లాసన్స్‌బే దాటేసరికి నాకు చలి పుడుతుంది.
జోడుగుళ్ళపాలెం దగ్గర పిక్క పట్టేస్తుంది.
"ఆడికీ ఇక్కడే పట్టీసింది" అంటాడు,
అంతే, నా పిక్క కాస్త సర్దుకుంటుంది.
ఒకసారి సాగర్‌నగర్ దగ్గర బీపీ పడిపోయి
సిస్టర్ ఎస్తేరు ఉరుక్కుంటూ వచ్చింది.
నేను కళ్ళు తెరిచేదాకా కథ కదల్లేదు.
"నీకోసం ఎండలో నిలబెట్టీసేను గుంటణ్ణి,
అరికాళ్ళు కాలిపోతన్నాయి ఆడికి. లెగు."

రుషికొండ దగ్గర మాత్రం ఎప్పుడూ ఆలస్యమే.
ముందున్నవాళ్ళు ఇద్దరే. ఇంకా సగం దూరం.
అక్కడ తాటిచెట్టు నీడలో
ఒక ముసల్ది ముంజెలు కొడుతోంది.
ఎల్లాజీ ఆగాడు.
పందెంలో ఉన్నవాడు ఆగి, గొంతుక్కూర్చుని,
బొటనవేలు దించి ముంజె పైకి తీసి...
కామునాయుడి గొంతు నెమ్మదిస్తుంది.
మోచేతి దాకా కారిన నీళ్ళు,
ఆ చలవ, ఆ తొక్క వగరు,
రెండోది, మూడోది.
రోజుకి అరలీటరు నీళ్ళ మనుషులం,
ఎనిమిది మంచాలవాళ్ళం
ఒక్కసారే గుటక వేస్తాం.
"బేగి పరిగెట్టమనండి" నవ్వుతుంది ఎస్తేరు.
"ఉండనీయమ్మా. దాహమేసింది ఆడికి."

పతకాలేమయ్యాయని అడిగానొకసారి.
వలకి గుండ్లుగా కట్టుకున్నాడట.
"ఇత్తడివి కదా, బాగా మునుగుతాయన్నాడు."

మందులషాపు బాకీ పెరిగి
ఇక మానేద్దామనుకున్న గురువారం ఒకటుంది.
కంచరపాలెం మెట్ట దిగి బస్సెక్కేశాను,
ఎల్లాజీని మంగమారిపేటలో వదిలేశాం కదా,
పాపం, ఎంతసేపుంటాడు అని.

మొన్న శనివారం
ఆరో నంబరు మీద కొత్త దుప్పటి.
షిఫ్టు మార్చారంది ఎస్తేరు
నా చేతికి ప్లాస్టరు అంటిస్తూ,
ప్లాస్టరునే చూస్తూ.
నేను ఇంకేం అడగలేదు.

ఇవాళ ఆ మంచం మీదికి
ఉద్దానం నుంచి ఒక కుర్రాడు. పందొమ్మిదేళ్ళుంటాయి.
సూది చూసి గోడకి తిరిగాడు.
వాళ్ళమ్మ వరండాలో
కవిటి బస్సు టిక్కెట్టుని మడిచి, విప్పి, మడుస్తోంది.

నాకు కాజాలు కుట్టడం వచ్చు,
కథ చెప్పడం రాదు.
భీమిలికి ఎవరు ముందు చేరారో కూడా తెలీదు,
ఆయన ఏనాడూ అంతదాకా తీసుకెళ్ళలేదు.
మిషను తిరగడం మొదలైంది.
గొట్టంలో ఎర్రగా, ఆ పిల్లాడి నెత్తురు
ఊరు దాటుతోంది.

"సూరాడ ఎల్లాజీ అని ఒకడుండేవాడు బాబూ,
జాలారిపేటలో."

పలకలేదు.
లాసన్స్‌బే. జోడుగుళ్ళపాలెం. సాగర్‌నగర్.
రుషికొండకి వచ్చాక
గోడ వైపు నుంచి, బొంగురుగా,
"గెలిచాడా?"

"ఉండు.
ముందు ముంజెలు తిననీ."