రెండో వద్దు

చైతన్యపురి హాస్టల్ మిద్దె మీద,
నీళ్ళ ట్యాంకు వెనక,
చాక్లెట్ కాగితం విప్పిన చప్పుడు.
దాంట్ల ఏం కలిసిందో అందరికీ ఎరుకే.
అయిదుగురం. చెయ్యి నుంచి చెయ్యికి
అది నా దాకా వచ్చింది.

నేనేం ఉపన్యాసం ఇయ్యలే.
కాలేజీ గోడ మీది నినాదం ఒక్కటీ యాదికి రాలే.
"నాకొద్దు రా" అన్న,
అదీ గొంతు కీచుపోయి.
అందరూ నవ్విన్రు.

నవ్వు ఆగినంక
మూలకు కూసున్న ఇలియాజర్
"నాక్కూడ వద్దు" అన్నడు.
ఎన్ని రాత్రుల సంది నోట్లె దాచుకున్నడో ఆ మాట,
ఎవరన్న ముందుగాల అంటే బాగుండని.

ముబీన్ మాత్రం తిన్నడు.
వారం తర్వాత మలక్‌పేట మెట్రో మెట్ల మీద
బూటు లేసు కట్టుకోరాక కూసున్నడు,
వేళ్ళు వణుకుతుంటే.
"బంద్ చేద్దామంటే అయితలేదు రా."
నేను డాక్టర్ను కాదు.
వంగి, లేసు కట్టిన.

ఇయ్యాల ఎర్రగడ్డల ఓపీ క్యూ.
ఈ ఊరి పేరు తిట్టులెక్క వాడినోళ్ళమే ఇద్దరం.
వాని చేతుల చీటీ,
నా భుజానికి వాని బ్యాగు.
ముందు ఇంకా పందొమ్మిది మంది.
వాడు వెనక్కి చూసినప్పుడల్లా
నేనీడనే ఉన్న.